ఇల్లాలి పద్దుపుస్తకము

అరణ్యపర్వమున సత్యభామ ద్రౌపదిని జేరి, భర్తలను వశపరచుకొను మందేదియని యడిగిన ఘట్టము మీ రెరుగనిది కాదు. ద్రౌపది మందును చెప్పలేదు, మంత్రమును చెప్పలేదు. తాను దినదినము చేయు పనులను చెప్పినది. పాండవుల కోశమునకు వచ్చు రాబడియు, అందుండి పోవు వ్యయమును తా నొక్కతెయే యెరిగియుంటి ననుట వానిలో నొకటి. బాల్యమున తండ్రిగారి యొద్ద భారతము చదువుకొను నాడు ఈ మాటను మేము దాటిపోయితిమి. మా మనస్సంతయు అస్త్రములమీదను, శపథములమీదను నుండెడిది. కాపురమునకు వచ్చిన తొమ్మిదేండ్లకు, 2020వ సంవత్సరమున, ఆ మాట మరల జ్ఞప్తికి వచ్చినది.

మా వారు ఒక ప్రైవేటు పాఠశాలలో నుపాధ్యాయులు. కరోనా వలన ఆ యేడు మార్చిలో బడులు మూతపడినవి. కొన్నాళ్ళు సగము జీతము వచ్చినది, పిదప నదియు నాగినది. అప్పటికి మేము గుణదలలో కూడబెట్టిన దేమనగా, బీసెంటు రోడ్డున కొన్న పట్టుచీరెలును, వాయిదాలపై తెచ్చిన ఫ్రిజ్జును. జీతపు సొమ్ము పది దినములలో ఏ దారిని పోవుచుండెనో మా వారును ఎరుగరు, మేమును ఎరుగము. పొరుగు వీధిలో నొకరి యొద్ద నూటికి మూడు రూపాయల వడ్డీకి నలువదివేలు తెచ్చితిమి.

"మూడు రూపాయలే గదా" యనుకొంటిమి. ఈ 'గదా' యను మాటయే మమ్ము ముంచినది. మన వైపున రూపాయలలో చెప్పు వడ్డీ నెలకు గాని యేటికి గాదు. నెలకు మూడన్న, ఏటికి ముప్పదియారు. నలువదివేలకు నెల నెల 1,200 రూపాయలు, ఏడాదికి 14,400. అంత కట్టినను అసలు అంగుళమైనను కదలదు. చేతి గాజులు బ్యాంకులో కుదువ పెట్టినచో రూపాయిలోపు వడ్డీకే సొమ్ము దొరకెడిది. కాని గాజులు లేని చేతులతో నలుగురిలోనికి పోవుట చిన్నతనమని వెనుదీసితిమి. ఎనిమిది నెలలైన పిదప మా అత్తగారు సంగతి గ్రహించి, "అమ్మాయీ, అప్పు నెత్తిన పెట్టుకొని గాజులు గలగలలాడించుట యేమి పరువే?" యన్నారు. మరునాడే గాజులు బ్యాంకునకు పోయినవి, వీధి అప్పు తీరినది.

వడ్డీబాధ మన కృష్ణాజిల్లా స్త్రీలకు క్రొత్తది కాదు. నెల్లూరు సీమలో సారా వ్యతిరేకోద్యమము పిమ్మట దినమున కొక్క రూపాయి దాచు పొదుపులక్ష్మి సంఘములు వెలసినవి. డ్వాక్రా సంఘములు రాష్ట్రమంతట వ్యాపించినవి. 2004లో ప్రభుత్వము వానికి పావలా వడ్డీ, అనగా ఏటికి నూటికి మూడు, ఏర్పరచినది. అదే కాలమున సూక్ష్మఋణ సంస్థలును ఇంటింటికి వచ్చి అప్పు లిచ్చినవి. ఒకరి వాయిదా తీర్చుటకు మరియొకరి యొద్ద తెచ్చిన వారెందరో! వసూలునకు వచ్చినవారు గుమ్మమున కూర్చుండుటయు, సంఘములోని తోటి స్త్రీలచేతనే నిందింపజేయుటయు జరిగినవి. 2006 మార్చిలో అధికారులు మన జిల్లాలో ఇట్టి సంస్థల శాఖలను సుమారు ఏబదింటిని మూయించిరి. 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికిని ఆర్డినెన్సు వచ్చినది. ఆ స్త్రీలకు లెక్క తెలియదని కొందరు నిందించిరి. మే మొప్పుకొనము. వాయిదా వారమువారము కట్టవలెను. కూలి మాత్రము నాట్లనాడును కోతలనాడును గాని దొరకదు. ఇందు ఎవరి లెక్క తప్పినది?

గాజులు పోయిన రాత్రియే బడిపిల్లల నోటుబుక్కు నొకదానిని పద్దుపుస్తకముగా జేసికొంటిమి. వంట ముగిసిన పిదప ఐదు నిమిషములు వ్రాయుదుము. నిద్ర వచ్చిన నాడు మరునా డుదయమున వ్రాయుదుము. జీతములు మరల వచ్చిన మొదటి నెలలోనే ఆశ్చర్యము! పాల ఖర్చు 1,950 రూపాయలు, బయట తిన్న చిరుతిండ్ల ఖర్చు 1,870. ఫోనుతో చెల్లించుట వలన నోటు చేయి దాటుట కంటికి కనబడలేదు. మా వారికి కోపము వచ్చినది, ఏలనన మిరపకాయ బజ్జీల పద్దు చాలవరకు వారిదే.

జీతము వచ్చిన దినముననే, పచారీ కొట్టునకు పోకమునుపే, తపాలా కార్యాలయమున రికరింగు డిపాజిటునకు 500 కట్టుదుము. మిగిలినపుడు దాతమన్నచో ఏ నెలయు మిగులదు. అధికవడ్డీ యాశ చూపి వీధిలో నడుపు చీటీలను మానితిమి. బ్యాంకు డిపాజిటునకు 2020 ఫిబ్రవరి నుండి ఐదు లక్షలవరకు బీమా కలదు. వీధిచీటీకి పాటపాడు వాని మాటయే బీమా.

తిరునాళ్ళ సంగతి వేరు. ప్రతి ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవములకు జనము కొండచుట్టును క్రిక్కిరియును, మా పిల్లలకు కాలు నిలువదు. పూర్వము వారడిగిన దెల్ల కొని, ఇంటికి వచ్చి తిట్టెడివారము. ఇప్పుడు చెరియొక నూరు చేతిలో పెట్టుదుము. తొలియేడు చిన్నవాడు మొదటి అంగడిలోనే ఊదుడుబూరకును, మిఠాయికిని అంతయు పోగొట్టి, దారిపొడవున అక్క చేతిలోని సొమ్మును చూచుచు నడచినాడు. మాకు జాలి కలిగినను ఈయలేదు. మరుసటి యేడు అంగళ్ళన్నియు తిరిగిన పిదప గాని వాడు సొమ్ము తీయలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగునగరము మునిగినపుడు మా ఆడపడుచు ఇద్దరు పిల్లలతో, కట్టుబట్టలతో మా యింటికి వచ్చినది. నీరు తీసిన పిదప ఆమె యింట బియ్యమును, పరుపులును, పుస్తకములును పారవేయవలసి వచ్చినది. తపాలా కార్యాలయమున దాచినదానిలో సగము తెచ్చి ఆమె కిచ్చితిమి. వీధి అప్పు చేయలేదు. ఆమె, "వదినా, దీనిని పద్దులో అప్పని వ్రాసికొనుము" అన్నది. పుస్తకము తెరచి చాలసేపు ఆలోచించి, తేదీయు మొత్తమును వ్రాసి, ఏ పద్దో వ్రాయక ఆ గడిని ఖాళీగా విడిచితిమి.