ల్యాప్‌టాప్ అంత ఎందుకు కాలుతుంది?

మే నెల మధ్యాహ్నం పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లలో ఫ్యాను గాలే వేడిగా కొడుతుంది. ల్యాప్‌టాప్ చల్లబడాల్సింది కూడా ఆ గాలితోనే. గది 25 డిగ్రీల నుంచి 38కి చేరితే, అదే పని చేస్తున్న చిప్ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది.

అసలు ఎంత వేడి పుట్టాలో చాలావరకు నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్. పని లేనప్పుడు ప్రాసెసర్‌ను నిద్రపుచ్చుతుంది, పని పడితే లేపి వేగం పెంచుతుంది. వేగం పెరగాలంటే వోల్టేజీ కూడా పెరగాలి. కిటుకంతా ఇక్కడే ఉంది! చిప్ లెక్కలు చేస్తూ వాడే విద్యుత్తు వేగంతో పాటు వోల్టేజీ వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. రెండూ 20 శాతం తగ్గించి చూడండి: 0.8 × 0.8 × 0.8, అంటే ఖర్చు దాదాపు సగం. పని కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఈ అదుపును ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చిన ప్రమాణం ఏసీపీఐ. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో తెచ్చాయి.

మీ ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి, 'సీపీయూ' అన్న చోట నొక్కండి. ప్రాసెసర్‌ను నిద్రపోనివ్వని ప్రోగ్రామ్ పైకి వస్తుంది. చాలాసార్లు అది మరిచిపోయి వదిలేసిన బ్రౌజరే. దాన్ని మూసి, పవర్ మోడ్ తగ్గించండి. పరుపు మీద మాత్రం పెట్టకండి. కింది రంధ్రాలు మూసుకుపోతే గాలి ఆడదు.