కొలువు చేయుచునే కూర్చుకొను కృతిసంచయము

మధురాంతకం రాజారాంగారు చిత్తూరు జిల్లా పల్లెపట్టున బడిపంతులుగా బ్రతుకు గడపుచు నాలుగు వందలకు మించిన కథలు వ్రాసిరి. 1930లో జన్మించి, దామలచెరువులో పాఠములు చెప్పిన ఆ ఉపాధ్యాయునకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది తీరికగా కూర్చుండి రచించిన మహాగ్రంథమునకు గాదు. ఏండ్ల తరబడి ఒక్కొక్కటిగా వ్రాసి, ముగించి, పత్రికలకు పంపిన కథల సంపుటికి. బడిగంటకును బడిగంటకును నడుమ మనస్సున మెదలి, రాత్రి దీపము ముందర పూర్తి కాదగిన ప్రక్రియ కథ. ఆయన ఆ ప్రక్రియనే జీవితాంతము నమ్ముకొనిరి.

తిరుపతిలో వసతిగృహములందును, బ్యాంకులందును, దేవస్థానపు కార్యాలయములందును పనిచేయు యువజనులలో బొమ్మలు వేయువారు, ఛాయాచిత్రములు తీయువారు, పాటలు కట్టువారు ఎందరో కలరు. ఉద్యోగము మానినగాని కళ సాగదని వారిలో పలువురు దిగులు చెందుచుందురు. ఆ దిగులు సహజమే గాని, మన సీమ చరిత్ర దానికి సాక్ష్యము పలుకదు.

డాక్టర్ శ్రీపాద పినాకపాణిగారు కర్నూలు వైద్యకళాశాలలో ఆచార్యులుగా పనిచేసిరి. పగలెల్ల రోగులతోడను విద్యార్థులతోడను గడపిన ఆ వైద్యుడే, తాను సేకరించిన కృతులను గమకములతో సహా స్వరపరచి కాగితముపై పెట్టుటకు దశాబ్దములు వెచ్చించిరి. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వేంకటేశ్వర్లు వంటి మహావిద్వాంసులకు గురువై, 1983లో సంగీత కళానిధి, 1984లో పద్మభూషణ గౌరవములందిరి. తిరుమల తిరుపతి దేవస్థానము ప్రకటించిన ఆయన ‘సంగీత సౌరభము’ను తెరచి చూచినవారికి, పాడి విడిచిన పాటకును, వ్రాసి యుంచిన పాటకును గల అంతరము తెల్లమగును. కచేరీలు విన్నవారి జ్ఞాపకము వారితోనే పోవును. ఆ సంపుటములు ఆయనను ఎరుగని విద్యార్థికి సైతము నేడు పాఠము చెప్పుచున్నవి. ఇది మన సీమకే పరిమితము కాదు: దూరదేశమున రచయిత ఫ్రాంజ్ కాఫ్కా సైతము 1908 నుండి ప్రాగ్ నగరపు కార్మిక ప్రమాద బీమా సంస్థలో పనిచేయుచు, మధ్యాహ్నము ఇల్లు చేరి, రాత్రివేళల రచన సాగించెను.

ఉద్యోగికి కొరవడునది కాలమొక్కటే కాదు, చేసిన దానిని ముగించి భద్రపరచు అలవాటు కూడ అని నా నమ్మకము. ఇందుకు తిరుమల కొండయే గొప్ప తార్కాణము. అన్నమాచార్యులు 32,000 సంకీర్తనలు రచించెనని ప్రతీతి. కుమారుడు పెదతిరుమలాచార్యుడు రాగిరేకులపై చెక్కించి ఆలయపు సంకీర్తన భాండాగారమున నిలుపుటచేతనే, నాలుగు శతాబ్దులు మరుగుపడినను, వానిలో కొన్నివేలు ఇరువదవ శతాబ్దిలో మరల వెలుగు చూచినవి. సగమునకు పైగా నేటికిని దొరకలేదు. అంతటి మహానుభావుని పదములకే గతి అది యైనప్పుడు, మనము చిత్తుకాగితములపై విడిచిన పనిని గురించి వేరుగ చెప్పవలెనా?

పోర్ట్‌ఫోలియో అని నేడు పిలువబడు కృతిసంచయము ఇట్టి భద్రతయే. చేసినదెల్ల అందు చేర్చుట గాక, ఒక విషయమును లోతుగా పట్టి, పూర్తియైన పనులను ఏరి, వరుసగా నిలుపవలెను. ఛాయాచిత్రకారుడైన ఒక గుమాస్తా సెలవునాడు శ్రీకాళహస్తికి పోయి కలంకారీ పనివారి అనుమతితో ఆ పని మొదటినుండి చివరివరకు చిత్రించెననుకొందము: కరక్కాయయు గేదెపాలును కలిపిన ద్రవములో వస్త్రమును తడిపి ఎండబెట్టుట, ఇనుపముక్కలు, బెల్లము కలిపి కొన్ని వారములు పులియబెట్టిన నల్లరంగు, వెదురుకలము మొనకు పైన చుట్టిన నూలు ఆ రంగును పీల్చుకొనగా, వ్రేళ్ల ఒత్తిడికి బొట్టుబొట్టుగా దిగివచ్చి గీతయగుట, పటిక పట్టినచోట మాత్రమే ఎరుపు నిలుచుట. ఇట్టి పండ్రెండు చిత్రములు, ప్రతిదాని క్రింద రెండు వాక్యములు, తేదీ, స్థలము ఉన్నచో, గాలిగోపురము మీది సూర్యోదయములు నూరు చూపినదానికంటె ఆ గుమాస్తా చూపును, ఓర్పును ఎక్కువ తెలుపును. పని మూలప్రతి యొకచోట, నకలు వేరొకచోట ఉంచుట మరువరాదు.

ఒక హెచ్చరిక కలదు. 1957 నాటి కాపీరైట్ చట్టము ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, ఉద్యోగ విధిలో భాగముగా చేసిన కృతికి సాధారణముగా యజమానియే తొలి హక్కుదారు. కావున కార్యాలయపు పనియు, సొంత కృతియు కలిసిపోకుండ చూచుకొనవలెను. కార్యాలయపు పరికరములను వాడకుండుట మేలు. ప్రభుత్వోద్యోగులు ప్రతిఫలము స్వీకరించుటకు మున్ను ప్రవర్తనా నియమావళిని చదువుట అవసరము.

తిరుపతిలో మహతి సభామందిరమున్నది, అన్నమాచార్య కళామందిరమున్నది, విశ్వవిద్యాలయములున్నవి. వానిని నడుపు పెద్దలకు నా విన్నపమొక్కటే: నెలకొక్క ఆదివారము ఒక గోడను, ఒక గంటసేపు వేదికను, పగలు వేరు కొలువు చేయు కళాకారులకు విడువుడు. చూపుటకొక దినము నిశ్చితమైనచో, ముగించుటకు వారికొక గడువు ఏర్పడును.