మూడో నంబరు హెచ్చరిక ఎవరి కోసం?

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందంటే చాలు, టీవీ తెర అడుగున ఒక వాక్యం పరుగులు తీస్తుంది: 'విశాఖ, కాకినాడ, మచిలీపట్నం పోర్టుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక'. సముద్రానికి కూతవేటు దూరంలో ఇల్లున్న మనిషి దాన్ని చదివి ఏం చేయాలి? మూడంటే తక్కువా, ఎక్కువా? రేపు అది ఆరయితే ముప్పు రెట్టింపు అయినట్టేనా?

కాదు. అసలు ఆ అంకె అతని కోసం పెట్టింది కాదు.

ఓడలకు తెలిసిన భాష

1864 అక్టోబరులో కోల్‌కతాను, నవంబరులో మచిలీపట్నాన్ని తుపాన్లు ముంచెత్తాయి. మరుసటి ఏడాది, 1865లో, కోల్‌కతా రేవు కోసం తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. భారత వాతావరణ శాఖ ఏర్పడింది ఆ తర్వాత పదేళ్లకు, 1875లో. అంటే మన దేశంలో తుపాను హెచ్చరిక మొదట మాట్లాడింది ఓడలతో.

నేటికీ పోర్టుల్లో 1 నుంచి 11 వరకు సంకేతాలున్నాయి. పగలు శంకువు, స్తూపం ఆకారాలను, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలను స్తంభానికి ఎగరేస్తారు. ఒకటి, రెండు నంబర్లు దూరంగా సముద్రంలో ఉన్న వాతావరణం గురించి చెబుతాయి. మూడు, నాలుగు ఆ పోర్టుకే సంబంధించినవి. మూడో నంబరు జాగ్రత్త చెప్పే సంకేతమే. 'ప్రమాదం' అన్న మాట ఐదో నంబరు నుంచి మొదలవుతుంది.

ఐదు, ఆరు, ఏడు నంబర్ల మధ్య తేడా తుపాను బలంలో లేదు, దాని దారిలో ఉంది. తుపాను పోర్టును తనకు ఎడమవైపున ఉంచి తీరం దాటుతుందంటే ఐదు, కుడివైపున ఉంచి దాటుతుందంటే ఆరు, పోర్టు మీదుగానో బాగా దగ్గరగానో వస్తుందంటే ఏడు. తీవ్ర తుపానైతే ఇదే వరుసలో 8, 9, 10. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెప్పేది 11.

ఈ ఎడమ, కుడి గొడవ ఎందుకు? ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. అందువల్ల తుపాను దారికి కుడివైపున గాలి సముద్రం నుంచి ఒడ్డు మీదికి తోస్తుంది. ఎడమవైపున ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగుతుంది. ఓడను రేవులో ఎలా కట్టాలో, లోపలికి తీసుకుపోవాలో నిర్ణయించే కెప్టెనుకు ఒక్క అంకెతో ఇంత సమాచారం అందుతుంది. ఆయన వరకు అది చక్కటి సందేశం. అదే అంకె ఇంట్లో టీవీ ముందు కూర్చున్న వారికి చేరితే భయమో నిర్లక్ష్యమో తప్ప మరేమీ ఇవ్వదు.

ఒకే తుపాను, నాలుగు ఉత్తరాలు

అందుకే వాతావరణ శాఖ ఒకే సమాచారాన్ని దశలవారీగా, వేర్వేరు వారిని ఉద్దేశించి రాస్తుంది. 72 గంటల ముందు ఇచ్చే తొలి సూచన కేంద్ర కేబినెట్ కార్యదర్శికి, తీర రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకు వెళుతుంది. సహాయక బృందాలను, నిధులను సిద్ధం చేయడానికి వారికి ఆ వ్యవధి కావాలి. తీరంలో వాతావరణం చెడటానికి కనీసం 48 గంటల ముందు పసుపు రంగు గుర్తుతో 'అప్రమత్తత', 24 గంటల ముందు నారింజ రంగు గుర్తుతో 'హెచ్చరిక' వెలువడతాయి. చివరిది తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు, ఎరుపు రంగుతో వచ్చేది. తుపాను నేల మీదికి వచ్చాక ఎటు పోతుందో, లోపలి జిల్లాల్లో ఏం జరగవచ్చో ఇందులో ఉంటుంది.

ఈ నాలుగోది చాలా అవసరం. ఎందుకంటే 'తుపాను తీరం దాటింది' అన్న మాట వినగానే ముప్పు తప్పిందనే అనిపిస్తుంది. నిజానికి నేల మీద ఉన్నవారికి అసలు కథ అప్పుడే మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖపట్నం మీదుగా సాగినప్పుడు గాలి కాసేపు తగ్గింది. ఆ తర్వాత ఎదురు దిశ నుంచి మళ్లీ విరుచుకుపడింది. వాతావరణ నిపుణులకు ఇది పాఠ్యపుస్తకంలోని విషయం. గాలి ఆగిందని వీధిలోకి వచ్చిన మనిషికి మాత్రం ఎవరో ముందే చెప్పి ఉండాలి.

మత్స్యకారులది మరో లెక్క. లోతు సముద్రంలో ఉన్న బోటు ఒడ్డుకు చేరడానికి గంటలు కాదు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఇంటి పైకప్పు కాపాడుకోవలసిన వారికి చెప్పే సమయానికే వీరికి చెబితే ఆలస్యమైనట్టే. చేపలు దొరికే చోట్లపై హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, ఇచ్చే సూచనల్లో అక్షాంశ రేఖాంశాలతో పాటు ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరాన, ఎంత లోతున అన్నది కూడా ఉంటుంది. పడవ నడిపే వారు సముద్రాన్ని అలాగే కొలుస్తారు.

'ఉప్పెన' అనే మాట విలువ

తుపానులో ఎక్కువ ప్రాణాలు తీసేది తరచుగా గాలి కాదు, నీరు. గాలి తోపుడు వల్ల, కొంతవరకు తుపాను కేంద్రంలోని అల్పపీడనం వల్ల సముద్ర మట్టం పెరిగి నేల మీదికి వస్తుంది. 2013 నవంబరు 8న ఫిలిప్పీన్స్‌ను హైయాన్ తుపాను తాకే ముందు అక్కడి అధికారులు ఈ ముప్పు గురించి చెప్పారు. అయితే 'స్టార్మ్ సర్జ్' అన్న ఆంగ్ల పదం చాలామందికి అర్థం కాలేదు. 'సునామీ' అని చెప్పి ఉంటే పరుగెత్తేవాళ్లమని టక్లోబాన్ నగరంలో బతికి బయటపడినవారు తర్వాత చెప్పారు. ఆ తుపానులో 6,000 మందికి పైగా మరణించారు.

శాస్త్రపరంగా సునామీ వేరు. సాధారణంగా అది సముద్రగర్భ భూకంపం వల్ల వస్తుంది. సరైన మాట అర్థం కాలేదు, అర్థమయ్యే మాట సరైనది కాదు. తెలుగువారికి ఈ చిక్కు లేదు. 1977 నవంబరు 19న దివిసీమలో దాదాపు పది వేల ప్రాణాలను తీసుకుపోయిన దాని పేరు ఊరూరా తెలుసు: ఉప్పెన. 'ఖగోళ ఆటుపోటు మట్టానికి పైన ఒక మీటరు' అన్న వాక్యం గట్టు కట్టే ఇంజినీరుకు కావాలి. ఊళ్లో మైకు చాటింపుకు 'ఉప్పెన వస్తుంది, నీళ్లు ఫలానా గుడి దాకా రావచ్చు' అన్న మాట కావాలి.

అంకెలూ మోసం చేస్తాయి

వర్షసూచనలో 'భారీ' అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. రైతుకు ఇది ఎలా తెలియాలి? మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఆ లెక్కన 64.5 మిల్లీమీటర్లంటే ఎకరం పొలంలో సుమారు 2.6 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు యాభైకి పైగా. గాలిదీ అంతే. 60 కిలోమీటర్ల వేగం 120 అయితే రేకుల కప్పు మీద ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది.

'ఒకటి రెండు చోట్ల' అన్న మాటకు కూడా కొలత ఉంది: ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు లేదా అంతకన్నా తక్కువ చోట్ల వాన అని. తన ఊళ్లో చినుకు పడనివారు 'మళ్లీ తప్పు చెప్పారు' అనుకుంటారు. పక్క మండలంలో వాగు పొంగి ఉంటుంది. ఇలాంటి అపోహలు పేరుకున్నాక, ఒకరోజు నిజంగా కదలవలసిన హెచ్చరిక వచ్చినా ఎవరూ కదలరు.

ఏం చేయాలో చెప్పే హెచ్చరిక

అందుకే రంగులకు వాతావరణ శాఖ పనులను జోడించింది. పసుపు అయితే గమనిస్తూ ఉండాలి, నారింజ అయితే సిద్ధపడాలి, ఎరుపు అయితే వెంటనే కదలాలి. ఫోన్లకు హెచ్చరికలు పంపే అంతర్జాతీయ పద్ధతిలోనూ తొందర, తీవ్రత, ఎంత ఖాయం, ఏం చేయాలి అన్న నాలుగింటికీ వేర్వేరు గడులున్నాయి. తీవ్రమైనది ఖాయమైనదే కానక్కరలేదు. ఈ రెంటినీ ఒకే గొంతుతో అరిచి చెబితే వినేవారికి తేడా తెలియదు.

1999లో ఒడిశాను తాకిన మహా తుపాను సుమారు పది వేల మందిని బలి తీసుకుంది. 2019 మే 3న పూరీ దగ్గర ఫణి తీరం దాటేలోగా ఆ రాష్ట్రం సుమారు 12 లక్షల మందిని తరలించింది. మృతుల సంఖ్య అక్కడ వందలోపే ఉంది. ఉపగ్రహాలు, రాడార్లు, లెక్కించే కంప్యూటర్లు మెరుగైన మాట నిజం. వాటితో పాటు సందేశాలు, సైరన్లు, మైకులు, ఇంటి తలుపు తట్టిన వాలంటీర్లు కూడా పనిచేశారు. తలుపు తట్టిన వారు ఐదో నంబరా, ఆరో నంబరా అని చెప్పలేదు. షెల్టరుకు బయలుదేరమన్నారు.