ప్రవాసుల గృహ కొనుగోలు (మేడ్చల్, శామీర్‌పేట)

ప్రవాసుల గృహ కొనుగోలు అనగా ఉద్యోగము, చదువు లేదా స్థిర నివాసము కొరకు విదేశాలకు వెళ్ళినవారు, వెళ్ళబోతున్నవారు స్వదేశములో కుటుంబము కొరకు ఇల్లు గాని, ఇంటి స్థలము గాని కొనుట. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట మండలాలు ఇటువంటి కొనుగోళ్ళు జరిగే ప్రాంతాలు. భారతదేశ చట్టము ప్రవాసులకు ఇల్లు, ఇంటి స్థలము కొనుటకు అనుమతినిచ్చింది, వ్యవసాయ భూమి కొనుటకు మాత్రం ఇవ్వలేదు. పొలాలు ప్లాట్లుగా మారుతున్న ఈ మండలాలలో గట్టుకు ఇటువైపు ఇంటి స్థలము, అటువైపు పొలము ఉండవచ్చు. చూపుకు రెండూ ఒకటే. కొన్నవారి హక్కు మాత్రం ఆ తేడాపైనే ఆధారపడి ఉంటుంది.

ప్రాంతము

మేడ్చల్ నాగపూరు వైపు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 7వ నంబరు) మీద, శామీర్‌పేట కరీంనగర్ వైపు వెళ్ళే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. పూర్వము రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ మండలాలు 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో చేరాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, తుర్కపల్లి పరిసరాలలోని జినోమ్ వ్యాలీ ఇక్కడి భూములకు గిరాకీ తెచ్చాయి. ప్యారడైజ్ నుండి మేడ్చల్ వరకు, జేబీఎస్ నుండి శామీర్‌పేట వరకు మెట్రో మార్గాలకు నివేదికలు తయారు చేయవలసిందిగా 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము ఆదేశించింది. ప్లాట్లు అమ్మేవారి మాటలలో మాత్రం ఆ రైలు అప్పుడే కూత వేస్తూ ఉంటుంది.

చట్టము

ప్రవాసుల స్థిరాస్తి వ్యవహారాలకు మూలము 1999 నాటి విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టము, అనగా ఫెమా. ఇది 2000 జూన్ 1న అమలులోకి వచ్చింది. స్థిరాస్తికి సంబంధించి ప్రస్తుతము 2019 నాటి నియమాలు వర్తిస్తాయి. వీటి ప్రకారము ప్రవాస భారతీయులు (ఎన్నారైలు), ఓసీఐ కార్డు గల విదేశీ పౌరులు రిజర్వు బ్యాంకు ప్రత్యేక అనుమతి లేకుండానే ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలము, దుకాణము కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్ హౌస్ కొనరాదు. ఓసీఐ కార్డులను మొదటిసారిగా 2006 జనవరిలో హైదరాబాదులోనే, ప్రవాసీ భారతీయ దివస్ సందర్భముగా అందజేశారు.

ఈ నిషేధము దానానికి కూడా వర్తిస్తుంది. అమెరికాలో ఉన్న కుమార్తెకు పసుపు కుంకుమ కింద తండ్రి రెండెకరాల పొలాన్ని దాన పత్రము ద్వారా ఇవ్వలేడు. అదే పొలము తండ్రి తదనంతరము వారసత్వముగా ఆమెకు రావచ్చు. ఇంటి స్థలానికైతే ఈ చిక్కు లేదు. నిబంధన ఉల్లంఘిస్తే ఆ లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా విధించే అధికారము ఫెమాలో ఉంది.

ప్రయాణానికి ముందు, తరువాత

కొన్న తేదీకి ఇక్కడ చాలా ప్రాముఖ్యము కలదు. దేశములో నివసిస్తున్న కాలములో కొన్న ఆస్తిని, పొలమైనా సరే, విదేశానికి వెళ్ళిన తరువాత కూడా ఉంచుకొనవచ్చునని ఫెమా 6వ సెక్షను చెబుతుంది. అయితే ఆ పొలాన్ని అమ్మదలచినపుడు భారతదేశములో నివసించే భారత పౌరునికే అమ్మాలి. ఉద్యోగము కొరకు దేశము విడిచినవారు ఫెమా దృష్టిలో ప్రవాసులవుతారు. పాస్‌పోర్టు భారతదేశానిదే కదా అన్న వాదన ఇక్కడ పనికిరాదు. పై చదువుల కొరకు వెళ్ళిన విద్యార్థులను కూడా ప్రవాసులుగానే పరిగణించాలని రిజర్వు బ్యాంకు 2003లో స్పష్టము చేసింది.

అందువలన వీసా వచ్చినపుడు అడ్వాన్సు ఇచ్చి, వెళ్ళిన తరువాత రిజిస్ట్రేషను చేయించుకొనే పద్ధతి ఇంటి స్థలానికి సరిపోతుంది గాని పొలానికి సరిపోదు.

స్థలము స్వభావము

ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. నగర శివార్లలో గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు గజాల లెక్కన అమ్మే ఇంటి స్థలాలకన్నా చవకగా కనిపిస్తాయి. చుట్టూ ప్రహరీ, లోపల రోడ్డు, నాలుగు మామిడి మొక్కలు ఉన్నా, రికార్డులలో వ్యవసాయ భూమిగా ఉన్నంతవరకు అది ప్రవాసి కొనదగినది కాదు. అటువంటి భూమి రిజిస్ట్రేషను తహసీల్దారు వద్ద జరుగుతుంది. దీనికి 2020లో ధరణి పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానములో భూభారతి వచ్చింది. ఇంటి స్థలము రిజిస్ట్రేషను సబ్ రిజిస్ట్రారు వద్ద జరుగుతుంది. ఏ కార్యాలయానికి రమ్మంటున్నారో అడిగితే సగము విషయము తెలిసిపోతుంది.

వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చుటను వాడుకలో నాలా మార్పిడి అంటారు. దీనికి ఆధారము 2006 నాటి చట్టము. మార్పిడి జరిగినంత మాత్రాన లేఅవుటుకు అనుమతి వచ్చినట్లు కాదు. 2008లో హుడా స్థానములో ఏర్పడిన హెచ్‌ఎండీఏ అనుమతి, 500 చదరపు మీటర్లు దాటిన వెంచరుకు రెరా నమోదు వేరుగా చూసుకోవాలి. అనుమతి లేని పాత లేఅవుట్లలోని ప్లాట్ల క్రమబద్ధీకరణకు 2020లో ప్రభుత్వము ఎల్‌ఆర్‌ఎస్ పథకము ప్రకటించింది.

ప్రభుత్వము పేదలకు ఇచ్చిన అసైన్డు భూముల అమ్మకము 1977 చట్టము ప్రకారము చెల్లదు. ఇటువంటివి రిజిస్ట్రేషను చట్టము 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. కావున సర్వే నంబరును ఆ జాబితాతో సరిచూడాలి. చెరువుల విషయము మరొకటి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టము హద్దు నుండి 30 మీటర్ల వరకు నిర్మాణాలు చేయరాదు. వేసవిలో స్థలము చూసి వెళ్ళినవారికి ఆ హద్దు కనబడదు.

అధికార పత్రము

రిజిస్ట్రేషనుకు స్వయముగా రాలేనివారు తండ్రికో, సోదరునికో పవరాఫ్ అటార్నీ ఇస్తారు. విదేశములో వ్రాసిన పత్రమును అక్కడి భారత రాయబార కార్యాలయము లేదా నోటరీ ఎదుట ధ్రువీకరింపజేయాలి. అది భారతదేశానికి చేరిన మూడు నెలలలోపు స్టాంపు సుంకము చెల్లించాలి. సర్వాధికారాలు ఇచ్చే జీపీఏ కన్నా, ఫలానా సర్వే నంబరులోని ఫలానా ప్లాటు కొనుటకు మాత్రమే పరిమితమైన ప్రత్యేక అధికార పత్రము క్షేమము. అమ్మేవాడు విక్రయ దస్తావేజుకు బదులు జీపీఏ చేసి ఇస్తానంటే అది కొనుగోలే కాదు. జీపీఏ ద్వారా యాజమాన్యము బదిలీ కాదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

డబ్బు

ధరను బ్యాంకు ద్వారానే చెల్లించాలి. విదేశము నుండి పంపిన సొమ్ము, ఎన్‌ఆర్‌ఈ, ఎఫ్‌సీఎన్‌ఆర్, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల సొమ్ము చెల్లుతుంది. విదేశీ నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు చెల్లవు. ధరలో కొంత నగదుగా అడుగుట ఇక్కడ కొత్త కాదు. కాని ఆ భాగానికి బ్యాంకు ఆధారము ఉండదు, తరువాత అమ్మినపుడు దానిని కొన్న ధరలో చూపలేరు. తెలంగాణలో స్టాంపు సుంకము, రిజిస్ట్రేషను రుసుములు కలిపి 2021 జూలైలో 6 శాతము నుండి 7.5 శాతానికి పెరిగాయి.

ప్రవాసి నుండి ఇల్లు కొనేవారు ధర 50 లక్షల రూపాయలకు తక్కువైనా ఆదాయపు పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మిన సొమ్మును విదేశానికి తీసుకువెళ్ళుటకు కూడా పరిమితి ఉంది. విదేశీ మారక ద్రవ్యముతో కొన్న ఇళ్ళలో రెండింటి వరకు, కొన్నపుడు చెల్లించిన మొత్తాన్ని తిరిగి పంపుకొనవచ్చు. మిగిలిన సొమ్ము ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుండి, పన్నులు చెల్లించిన తరువాత, ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్లకు మించకుండా వెళ్ళవచ్చు.