వార్తల్లో పదం: పినాక లాంచర్

రిపబ్లిక్ డే పరేడ్‌లో ఎనిమిది పెద్ద చక్రాల ట్రక్కు వీపున గొట్టాల గుత్తి మోసుకుంటూ కనిపిస్తుంది. అదే పినాక లాంచర్. శివుడి విల్లు పేరు పెట్టుకున్న ఈ ఆయుధాన్ని పుణెలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఏఆర్‌డీఈ రూపొందించింది.

రెండు పెట్టెలు, ఒక్కో దాంట్లో ఆరు రాకెట్లు. మొత్తం పన్నెండూ 44 సెకన్లలో వెళ్లిపోతాయి. తొలి రకం రాకెట్ల పరిధి సుమారు 38 కిలోమీటర్లు. గైడెడ్ రకం 75 కిలోమీటర్లు దాటుతుంది.

అసలు ట్రక్కే ఎందుకు? రాకెట్ తనంతట తానే మండుతూ ఎగురుతుంది కాబట్టి ఫిరంగి గొట్టానికి తగిలేంత ఎదురుదెబ్బ దీనికి ఉండదు. అయినా వరుసగా పన్నెండు పేలితే బండి ఊగిపోతుంది, గురి చెడుతుంది. అందుకే కాల్చే ముందు హైడ్రాలిక్ కాళ్లు నేలకు దిగి బండి బరువును మోస్తాయి. ఆ తర్వాతే గొట్టాలు పైకి లేస్తాయి.

కాల్చాక అక్కడ నిలబడటమే అసలు ప్రమాదం. ఆకాశంలోని రాకెట్ దారిని రాడార్ పట్టేస్తుంది, శత్రు ఫిరంగులు అటు తిరుగుతాయి. సిబ్బంది ప్రాణాలు ఇంజిన్ మీదా, టైర్ల మీదా ఆధారపడే క్షణమది. అందుకే చెక్ దేశపు టాట్రా ట్రక్కును ఎంచుకున్నారు. దాని వెన్నెముక ఒక లావుపాటి ఉక్కు గొట్టం. ఇరుసులు విడివిడిగా ఊగుతాయి కాబట్టి గుంతల్లోనూ చక్రాలు నేలను వదలవు. రాకెట్ల గొప్పతనం చెప్పే వార్తలు ఈ బండిని తరచూ మరిచిపోవడం అన్యాయం.

1999 కార్గిల్ యుద్ధంలో పినాకను వాడారు. ఆర్మేనియా దీన్ని మన దగ్గర కొనుగోలు చేసింది.