కారణం వినిపించే ఆట

ఫుట్‌బాల్‌కు ఉన్నంత మంది ప్రేక్షకులు ప్రపంచంలో మరే ఆటకూ లేరన్నది నిర్వివాదమే అయినా, ఆ ఆటకు నియమాలు కూర్చిన ఇంగ్లండులోనే, దానికి తోబుట్టువైన రగ్బీని అంతకన్నా ఇష్టంగా చూసే వర్గం ఒకటి నూటయాభై ఏళ్లుగా చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. ఆ ఇష్టానికి సాధారణంగా చెప్పే కారణాలు రెండు: రగ్బీలో పాయింట్లు ఎక్కువ వస్తాయని, కుమ్ములాట ఎక్కువ ఉంటుందని. రెండూ పైపై మాటలే. పాయింట్లే కావాలనుకునేవారికి బాస్కెట్‌బాల్ ఉంది, దెబ్బలే కావాలనుకునేవారికి బాక్సింగ్ ఉంది. మైదానంలో ముందుకు జరిగిన ప్రతి గజానికీ, రిఫరీ ఊదిన ప్రతి ఈలకూ కారణమేమిటో ప్రేక్షకుడి కంటికో చెవికో అందడమే రగ్బీ అభిమానిని అన్నిటికన్నా గట్టిగా కట్టిపడేస్తుంది.

రెండు ఆటల మూలమూ ఒకటే. 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఒక్కో పాఠశాల ఒక్కో తీరుగా ఆడుకుంటున్న బంతాటకు ఉమ్మడి నియమాలు ఏర్పరచాలని 1863లో లండన్‌లో కొన్ని క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను స్థాపించినప్పుడు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చా, ఎదుటివాడి మోకాలి కింద ఎముక మీద తన్నవచ్చా అన్న రెండు ప్రశ్నల దగ్గర వాదం తెగక, రెండూ ఉండి తీరాలన్న బ్లాక్‌హీత్ క్లబ్బు బయటికి నడిచింది. ఆ పక్షంవారు 1871లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌గా ఏర్పడ్డారు. తన్నే హక్కు కోసం అలిగి వెళ్లినవారే తీరా తమ నియమావళిలో తన్నడాన్ని నిషేధించడం చరిత్రలోని చిన్న చమత్కారం. 1823లో రగ్బీ పాఠశాల విద్యార్థి విలియం వెబ్ ఎల్లిస్ బంతిని చంకన పెట్టుకుని పరుగు లంకించుకోవడంతో ఈ ఆట పుట్టిందనే కథకు సమకాలిక ఆధారమేదీ లేకపోయినా, 1987లో మొదలైన ప్రపంచ కప్పుకు అతని పేరే పెట్టారు. 1895లో చీలిపోయిన రగ్బీ లీగ్‌ది వేరే దారి గనుక, ఇక్కడి చర్చ జట్టుకు పదిహేనుగురు ఆడే రగ్బీ యూనియన్‌కే పరిమితం.

ఈ ఆట నియమాలన్నిటికీ మూలమైనది ఒక్కటే: బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో అందించవచ్చు, కాలితో ముందుకు తన్నవచ్చు, లేదంటే బంతిని గుండెకు అదుముకుని దూసుకుపోవచ్చు. కనుక ప్రత్యర్థులు అడ్డు నిలిచిన నేలలో ఎక్కువ భాగాన్ని ఒంటి బలంతోనే గెలవవలసి ఉంటుంది. బంతి ఉన్నవాణ్ని నడుముకో తొడలకో చుట్టుకుని నేలకు దించడాన్ని టాకిల్ అంటారు. కబడ్డీ చూసి పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ పట్టు కొత్తేమీ కాదు. అయితే కబడ్డీలో పట్టు బిగిస్తే కూతకు వచ్చినవాడి పని అక్కడితో సరి. రగ్బీలో మాత్రం అసలు పోటీ అప్పుడే మొదలవుతుంది. కిందపడ్డవాడు బంతిని వెంటనే వదిలెయ్యాలి, ఇరుజట్లవారూ కాళ్లమీద నిలబడే ఒకరినొకరు నెట్టుకుంటూ దాన్ని దక్కించుకోవాలి. రక్ అని పిలిచే ఈ తోపులాటలు వరుసగా పది పన్నెండు సాగి, జట్టు పడుతూ లేస్తూ ముప్పై మీటర్లు జరిగి, చివరికి ప్రత్యర్థి గీత అవతల బంతిని నేలకు ఆనించగలిగితే ట్రై, అంటే ఐదు పాయింట్లు; ఆ తర్వాత రెండు స్తంభాల మధ్య, అడ్డకర్ర మీదుగా బంతిని తన్నితే మరో రెండు. ఎదుటి జట్టు తప్పు చేసినప్పుడు లభించే పెనాల్టీని అదే విధంగా తన్నితే మూడు. ఫుట్‌బాల్‌లో ఇరవై పాస్‌ల అల్లిక ఒక్క కాలి పొరపాటుతో ఆనవాలు లేకుండా పోతుంటే, రగ్బీలో పడిన శ్రమ నేల మీద కొలతగా కనిపిస్తూ ఉంటుంది.

ఇక చెవికి అందేది రిఫరీ గొంతు. అంతర్జాతీయ మ్యాచుల్లో ఆయన ధరించిన మైకు ద్వారా ఆయన మాటలన్నీ టీవీ ప్రేక్షకులకు వినిపిస్తాయి. స్టేడియంలో ఉన్నవారు చిన్న రేడియో పరికరం చెవికి తగిలించుకుని వింటారు. చేతులు తీయమని, వెనక్కి జరగమని ఆయన ముందుగా హెచ్చరిస్తాడు. వినకపోతేనే ఈల ఊదుతాడు. వీడియో చూసే అధికారితో ఆయన జరిపే సంప్రదింపు కూడా బహిరంగంగానే సాగుతుంది గనుక, తమ జట్టుకు వ్యతిరేకంగా తీర్పు వచ్చినా అది ఏ తర్కంతో వచ్చిందో అభిమానికి తెలుస్తుంది. రిఫరీతో వాదించే చనువు ఆటగాళ్లకు లేదు, అడగవలసింది కెప్టెన్ ఒక్కడే. నోరు జారితే పెనాల్టీ స్థానాన్ని పది మీటర్లు ముందుకు జరుపుతారు. వేల్స్‌కు చెందిన నైజెల్ ఓవెన్స్ అనే రిఫరీ, ఎదురుమాట్లాడిన ఆటగాణ్ని పిలిచి ఇది ఫుట్‌బాల్ కాదని మందలించిన తీరు ఆయనకు తీర్పుల కన్నా ఎక్కువ పేరు తెచ్చింది. ఫుట్‌బాల్ కూడా ఇటీవల ఈ బాటే పట్టింది. 2023 మహిళల ప్రపంచ కప్పులో వీడియో తీర్పులను రిఫరీలు మైకులో ప్రకటించారు, 2024 యూరో పోటీల్లో రిఫరీ దగ్గరకు కెప్టెన్‌ను మాత్రమే రానిచ్చారు.

కాలం లెక్కలోనూ ఇదే బాహాటత్వం. ఫుట్‌బాల్‌లో ఆఖరున ఎన్ని నిమిషాలు కలపాలన్నది రిఫరీ అంచనా. రగ్బీలో ఆట ఆగినప్పుడు అవసరాన్ని బట్టి గడియారాన్నే ఆపుతారు, ఎనభై నిమిషాలు నిండాక కూడా బంతి ఆటలో ఉన్నంతవరకు మ్యాచ్ ముగియదు. ఈ నియమం ఏం చేయగలదో 2015 ప్రపంచ కప్పులో సెప్టెంబరు 19న బ్రైటన్‌లో తెలిసింది. అప్పటికే రెండుసార్లు ప్రపంచ విజేత అయిన దక్షిణాఫ్రికాతో ఆ రోజు తలపడిన జపాన్‌కు, ప్రపంచ కప్పుల చరిత్ర మొత్తంలో అంతకుముందు దక్కిన గెలుపు ఒక్కటే, అది 1991లో జింబాబ్వే మీద. ఆఖరి ఘడియల్లో 29–32తో వెనుకబడి ఉండగా జపాన్‌కు పెనాల్టీ లభించింది. బంతిని స్తంభాల మధ్య తన్ని మూడు పాయింట్లు రాబడితే మ్యాచ్ సమమవుతుంది. జపాన్ స్థాయి జట్టుకు అది పండుగే. కెప్టెన్ మైకేల్ లీచ్ ఆ మూడు పాయింట్లను కాదని స్క్రమ్ కోరాడు. స్క్రమ్ అంటే రెండు జట్ల నుంచీ ఎనిమిదేసి మంది తలలు వంచి, భుజాలు కలిపి, మధ్యలో వేసిన బంతి కోసం ఎదురెదురుగా నెట్టుకోవడం. అందులోనూ బరువు దక్షిణాఫ్రికాదే. నిర్ణీత కాలం ముగిసిపోయింది, ఇక బంతి ఒక్కసారి చేజారినా, మైదానం పక్క గీత దాటినా అంతా అయిపోయినట్టే. ఆ స్థితిలో జపాన్ బంతిని కుడివైపు తీసుకుపోయి, అక్కడ గోడ కట్టినట్టు నిలిచినవారిని చూసి తిరిగి ఎడమకు మళ్లించగా, అమనాకి మాఫీ అందించిన బంతితో కార్న్ హెస్కెత్ మూలన ఒరిగి ట్రై సాధించాడు. 34–32. ఆ నాలుగు నిమిషాలను అర్థం చేసుకోవడానికి ప్రేక్షకుడికి రగ్బీ పాండిత్యం అక్కరలేకపోయింది, ఎందుకంటే జపాన్ ఏది వదులుకుంటోందో, దేనికోసం వదులుకుంటోందో అందరికీ ముందే తెలుసు.

ఆటగాళ్ల ఒడ్డూ పొడుగుల తేడా కూడా చెప్పుకోదగిన ఆకర్షణే. 2023 రగ్బీ ప్రపంచ కప్పు ఫైనల్ ఆడిన దక్షిణాఫ్రికా జట్టులో రెండు మీటర్లు దాటిన ఆర్.జి. స్నైమన్, 1.72 మీటర్ల ఫాఫ్ డి క్లెర్క్ ఇద్దరూ ఉన్నారు; ఒకరి పని మరొకరు చేయలేరు.

అలాగని ఫుట్‌బాల్ అభిమానికి జవాబు లేకపోలేదు, పైగా ఆ జవాబు బలమైనది. 2022 ప్రపంచ కప్పులో 64 మ్యాచులకు 172 గోల్సే వచ్చాయి. గోలు అంత అరుదు గనుకే బలహీనుడు ఒక్క గోలుతో బలవంతుణ్ని పడగొట్టగలడు. రగ్బీలో బ్రైటన్ వంటివి బహు అరుదు. ఇంతవరకు పురుషుల ప్రపంచ కప్పు గెలిచినవి న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, ఇంగ్లండు మాత్రమే, 2003లో నమీబియాపై ఆస్ట్రేలియా 142–0తో గెలిచిన సందర్భమూ ఉంది. స్క్రమ్ కూలి మళ్లీ మళ్లీ కట్టవలసి వచ్చినప్పుడు నిమిషాలు వృథాగా కరిగిపోతాయి. రక్‌లో తప్పు ఎవరిదో రిఫరీ చెబితే తప్ప తెలియని సందర్భాలు ఎన్నో; కారణం వినిపించవలసిన అవసరం అక్కడి నుంచే వచ్చిందేమో. వీటన్నిటికన్నా బరువైనది తలకు తగిలే దెబ్బల సంగతి. 2003లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండు జట్టులోని స్టీవ్ థాంప్సన్ నలభై రెండేళ్లకే మతిమరుపు వ్యాధి బారినపడి, ఆ కప్పు గెలిచిన జ్ఞాపకం కూడా తనకు మిగలలేదని చెప్పాడు. మెడకు పైన ప్రమాదకరంగా పట్టినవారికి ఇప్పుడు ఎర్ర కార్డు కూడా చూపిస్తున్నా, ఈ ఆటను ఇష్టంగా చూసే ఎవరికైనా ఆ మాట మనసులో ముల్లులా మిగలక తప్పదు.

అభిరుచి అనుకునేదాంట్లో పుట్టిన చోటు వాటా కూడా కొంత ఉంటుంది. 1879 నుంచి 1916 వరకు సుమారు అరవై వేలమంది భారతీయులను చెరకు తోటల్లో పని చేయించడానికి ఒప్పంద కూలీలుగా ఫిజీకి తరలించగా, 1903 తర్వాత మద్రాసు నుంచి ఓడలెక్కినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ దీవుల్లో స్థానికులైన ఇతౌకీలు రగ్బీని తమ ఆటగా చేసుకుంటే, భారత సంతతివారు ఎక్కువగా ఫుట్‌బాల్‌ను పెంచి పోషించారు. ఒకే ఊళ్లో రెండు మైదానాలు, రెండు గుంపులు. 2016 రియో ఒలింపిక్స్‌కు ఫిజీ ఈ రెండు ఆటల్లోనూ జట్లను పంపింది. ఫుట్‌బాల్‌లో మెక్సికోపై భారత సంతతికి చెందిన రాయ్ కృష్ణ ఒక గోలు కొట్టాడు, తర్వాతి మ్యాచులో జర్మనీ చేతిలో జట్టు 0–10తో ఓడింది. ఆ మరునాడే, ఆగస్టు 11న, జట్టుకు ఏడుగురే ఉండి, సాధారణంగా ఏడేసి నిమిషాల రెండు భాగాలుగా ఆడే రగ్బీ సెవెన్స్ ఫైనల్లో ఫిజీ 43–7తో గ్రేట్ బ్రిటన్‌ను ఓడించి, తన చరిత్రలో మొట్టమొదటి ఒలింపిక్ పతకాన్ని బంగారంగానే అందుకుంది. మరుసటి ఏడాది ఆ దేశపు రిజర్వు బ్యాంకు ఆ గెలుపు గుర్తుగా ఏడు డాలర్ల నోటును అచ్చువేసింది.