ఐర్లండు ఆలుగడ్డ - మా జైపూర్ పత్తిచేను

మొన్న మా కాలేజీలో "ఆకలి" అనే అంశంపై వ్యాసరచన పోటీ పెట్టారు. బోటనీ విద్యార్థిని గనుక నేను ఐర్లండు ఆలుగడ్డ కరువు గురించి రాశాను. బహుమతి రాలేదు. పైగా "ఐర్లండుకు, జైపూర్‌కు ఏం సంబంధంరా?" అని మిత్రుడొకడు నవ్వాడు. ఆనాడు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

1845లో ఐర్లండు ఆలుగడ్డ చేలకు తెగులు సోకింది. ఆకుల మీద మచ్చలు పడి, కొద్ది రోజుల్లోనే చేను నల్లబడేది, గడ్డ కుళ్ళిపోయేది. కారణం ఫైటోఫ్తోరా ఇన్ఫెస్టాన్స్ అనే సూక్ష్మజీవి. చల్లని, తడి వాతావరణంలో అది గాలి వెంట ఒక చేను నుండి మరో చేనుకు పాకుతుంది. అక్కడి బీదరైతులు ఎక్కువగా వేసింది "లంపర్" అనే ఒకే రకం. ఆలుగడ్డను గడ్డ ముక్కలతో నాటుతారు గనుక మొక్కలన్నీ ఒకే అచ్చు. ఒక మొక్క తట్టుకోలేని తెగులును ఏ మొక్కా తట్టుకోలేదు. 1852 నాటికి సుమారు 10 లక్షల మంది చనిపోయారు. మరో 10 లక్షలకు పైగా దేశం విడిచారు.

అయితే తెగులు చంపింది మొక్కలనే. మనుషులను చంపింది వేరు. ఆ ఏళ్ళలోనూ ఐర్లండు రేవుల నుండి ధాన్యం, పశువులు ఇంగ్లండుకు ఓడలెక్కాయి. సహాయక చర్యలపై పెత్తనం చేసిన చార్లెస్ ట్రెవెల్యన్ వ్యాపారంలో సర్కారు జోక్యం కూడదనే మనిషి. 1859లో ఆయనే మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అంటే ఆంధ్ర జిల్లాలకూ ఆయనే ఏలిక! అంతకు ముందే 1832-33లో గుంటూరు సీమ నందన కరువులో ఘోరంగా నాశనమైంది. మన వి.వి.గిరి 1913లో డబ్లిన్‌కు చదువుకై వెళ్ళి, ఐరిష్ ఉద్యమ ప్రభావంతో 1916లో తిరిగొచ్చి కార్మిక నాయకుడయ్యాడు. కనుక సంబంధం పాతదే.

ఇక మా చేను సంగతి. ఇంటి ముందు నిలబడితే పవర్ ప్లాంటు చిమ్నీలు, వాటి ఇవతల కనుచూపు మేర పత్తి. విత్తన సంచుల మీద పేర్లు వేరు, లోపలి బీటీ జన్యువులు అవే. పక్కన కొన్ని సాళ్లు నాన్-బీటీ పత్తి వేస్తే, అక్కడ బతికిన మామూలు పురుగు, మందుకు తట్టుకున్న పురుగుతో జతకట్టి ఆ తట్టుకునే గుణాన్ని పలుచన చేస్తుంది. కాని సంచితో ఇచ్చిన నాన్-బీటీ పొట్లాన్ని అందరిలాగే మేమూ గట్టు మీద పారేసినం. ఒక ఏడు గులాబీరంగు పురుగు కాయలో సగం తినిపోయింది. ఆ తప్పులో మా పాలూ ఉంది.

అయినా మా పొయ్యి ఆరలేదు. రేషన్ బియ్యం ఉండె. మా తాత అన్నాడు: "గింజలు లేక గాదు బిడ్డా, కొనే పైస లేక సస్తరు కరువుల." అమర్త్యసేన్ 1981లో పుస్తకంగా రాసిన మాట దాదాపు ఇదే. తాత ఆ పుస్తకం చూసినవాడు కాడు.

ఈ వానాకాలం నాయినతో కొట్లాడి పత్తి నడుమ కంది సాళ్లు పెట్టించాను. "పత్తి తగ్గితే అప్పెట్ల కడ్తవ్?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంకా జవాబు లేదు. వచ్చే ఏటి పోటీకి ఆ ప్రశ్ననే అంశంగా పెట్టమని లెక్చరర్లకు నా మనవి.